గేరు మార్చు మరచేయి

నేటి నా ప్రసంగమునకు విషయము మన చిన్నకార్లలో విరివిగా కానవచ్చుచున్న ఏ.ఎం.టి. యను సాధనము. ఆ మూడక్షరములకు ‘తనంత తాను మారు చేతిగేరు’ అని తెలుగున తాత్పర్యము చెప్పుకొనవచ్చును. తనంత తాను మారునది చేతిగేరెట్లగును? ఈ పేరు వినగానే వదతోవ్యాఘాతమువలె తోచును. కాని యీ పేరులోనే దాని చరిత్రయంతయు నిమిడి యున్నది. ఆ చరిత్ర తెలిసినవానికి ఆ కారును కాపాడుకొనుట తెలియును. అది మొండికెత్తినప్పుడు దోషము నెచ్చట వెదకవలయునో అదియును తెలియును. వైద్యమున నిదానము ముందు, చికిత్స తరువాత. ‘కీలెరిగి వాత పెట్టవలె’ నని పెద్దలన్న మాటకు అర్థమిదియే.

మన బోటి వయసువారికి ఇది వట్టి వినోదపు విషయము కాదు. మోకాళ్ల నొప్పులచే క్లచ్చి త్రొక్కజాలక కారు నడుపుట మానుకొన్న పెద్దలు కొందరు ఈ సాధనము వచ్చిన పిమ్మట మరల స్టీరింగు ముందు కూర్చుండిరి. వైద్యుని యొద్దకు, బ్యాంకికి, బంధువుల యింటికి పోవుటకు ఇంకొకరిని బతిమాలుకొను పని తప్పినది. అట్టి కారు ఒకనాడు నడిమి త్రోవలో నిలిచి, దాని మరమ్మతు కొన్ని నెలల పింఛను నపహరించినచో, వచ్చిన స్వాతంత్ర్యము వచ్చినట్లే పోవును. కావుననే యీ కథను మీకు చెప్పబూనితిని.

ముందుగా గేరెందులకో విచారింతము. ఎద్దు నిలిచిన చోటినుండియే బలము చూపి బండిని కదల్చును. పెట్రోలు ఇంజనుకు ఆ శక్తి లేదు. అది కొంత వేగముగా తిరుగుచున్నప్పుడే బలము నీయగలదు. ఇంజను పలుమారులు తిరుగగా చక్రమొకమారు తిరుగునట్లు పండ్లచక్రముల నమర్చినచో బలము హెచ్చును, వేగము తగ్గును. ఇది మొదటి గేరు. బండి సాగిన కొలది ఆ నిష్పత్తిని మార్చుచు పోవుటయే తక్కిన గేర్ల పని. మార్చునపుడు ఇంజనుకును పండ్లచక్రములకును సంబంధము క్షణకాలము తెగవలయును. ఆ తెంపుట, కలుపుట క్లచ్చి పని. ఇంజనుతో తిరుగు బిళ్లకు ఇంకొక బిళ్ల స్ప్రింగు బలముచే అదిమిపట్టుకొని యుండును. పెడలు త్రొక్కినచో ఆ పట్టు విడిపోవును. వదలినచో మరల పట్టుకొనును. మెల్లగా వదలునపుడు రెండు బిళ్లలును కొంత జారుచు కలియును. ఆ జారుటలో ఒరపిడియు వేడియు పుట్టును. ఈ యొక్క మాటను జ్ఞాపకముంచుకొనుడు. మీది విషయములు పెక్కు దీనిపైననే యాధారపడి యున్నవి.

పారిసు నగరమున పనార్, లెవస్సోర్ అను భాగస్వాముల కర్మాగారము ఉండెడిది. అందలి ఎమిల్ లెవస్సోర్ 1891 ప్రాంతమున ఇంజనును కారు ముందుభాగమున నుంచి, దాని వెనుక క్లచ్చిని, అటుపిమ్మట జారు పండ్లచక్రముల గేరుబాక్సును అమర్చెను. తరువాతి కార్లు చాలవరకు ఆ మార్గముననే నడచినవి. కాని ఆ గేర్లను మార్చుట సామాన్యవిద్య కాదు. వేర్వేరు వేగములతో తిరుగు పండ్లు ఒకదాని నొకటి తాకి కరకరలాడెడివి. క్లచ్చి నొకమారు త్రొక్కి, వదలి, ఇంజను వేగమును సరిచేసి, మరల త్రొక్కి గేరు వేయవలసి యుండెడిది. పాత లారీలను నడిపినవారు ఈ విద్య నెరుగుదురు. 1928 సంవత్సరమున అమెరికాలో కాడిలాక్ కార్లకు ఎర్ల్ థాంప్సన్ కనిపెట్టిన సింక్రోమెష్ అను ఏర్పాటు చేర్పబడినది. పండ్లు కలియుటకు ముందే వాని వేగములను ఇది సమానము చేయును. దానితో కరకర తగ్గినది; ఎడమకాలికిని ఎడమచేతికిని గల శ్రమ మాత్రము తగ్గలేదు.

ఆ శ్రమను తప్పించుటకు రెండు మార్గములు ఏర్పడినవి. మొదటిది పాత గేరుబాక్సునే విడిచిపెట్టి, నూనె ప్రవాహము ద్వారా శక్తిని పంపు క్రొత్త యంత్రమును నిర్మించుట. 1939 లో ఓల్డ్స్‌మొబిల్ కార్లకై ప్రకటింపబడిన హైడ్రామాటిక్ ఈ మార్గమున ప్రసిద్ధి కెక్కినది. నేడు మనము సాధారణముగా ఆటోమాటిక్ అని వ్యవహరించునది దీని సంతతియే. ఇది సుఖకరమే కాని, బరువు ఖరీదు రెండును హెచ్చు. రెండవ మార్గము వేరు. పాత గేరుబాక్సును, పాత క్లచ్చిని ఉన్నవి ఉన్నట్లే యుంచి, డ్రైవరు కాలికిని చేతికిని బదులుగా ఒక మరను నియమించుట. మన ఏ.ఎం.టి. యీ రెండవ వంశమునకు చెందినది. ఈ భేదమును గుర్తింపక రెంటిని ఒక్కటిగా భావించుటయే చాల చిక్కులకు మూలము.

ఈ రెండవ మార్గమున మర మనుష్యుని యవయవముల నొక్కొక్కటిగా గ్రహించినది. మొదట కాలు పోయినది. జర్మనీదేశపు ఫిచ్టెల్ అండ్ సాక్స్ వారు 1950ల దశకమున సాక్సోమాట్ అను స్వయంచాలక క్లచ్చిని తయారుచేసిరి. అందు గేరు వేయుట డ్రైవరు చేతనే యున్నది. క్లచ్చి మాత్రము తానై విడివడి తానై కలియును. తరువాత చేయి పోయినది. 1955 లో పారిసు మోటారు ప్రదర్శనమున వెలువడిన సిత్రోయెన్ డి.ఎస్. కారులో స్టీరింగు వెనుక చిన్న లివరు నొకదాని నుంచిరి. డ్రైవరు దానిని కదల్చినంతనే పంపుచే ఒత్తిడి చేయబడిన నూనె క్లచ్చిని విడదీసి, గేరు మార్చి, మరల కలిపెడిది. ఏ గేరు ఎప్పుడు వేయవలెనో నిర్ణయించు బుద్ధి మాత్రము డ్రైవరునందే నిలిచినది. 1984 లో జపానుదేశపు ఇసుజు వారు ఆస్కా అను కారునందు నావీ-5 అను పేరున ఆ బుద్ధినిగూడ కంప్యూటరునకు అప్పగించిరి. అయిదు గేర్ల మామూలు గేరుబాక్సు, మామూలు పొడి క్లచ్చి. వానిని నడపునది మాత్రము కంప్యూటరు. కాలు, చేయి, బుద్ధి మూడును ఒకచోట చేరుటచే నేటి ఏ.ఎం.టి. రూపము సిద్ధించినది.

ఇచ్చట పందెపు కార్ల చరిత్రనుండి ఒక ఘట్టమును చెప్పక తప్పదు. మన చిన్నకారునకు అది గొప్ప పాఠము. జాన్ బర్నార్డ్ రూపకల్పన చేసిన ఫెరారీ 640 అను కారులో క్లచ్చితో పనిలేక స్టీరింగు వెనుకనున్న రేకులతో గేరు మార్చు ఏర్పాటుండెను. 1989 మార్చి 26 వ తేదీన బ్రెజిలు దేశపు రియో నగరమున జరిగిన పందెమున నైజెల్ మాన్సెల్ దానిని నడిపి, మొదటి పందెముననే గెలిచెను. పిమ్మటి పందెములలో ఆ జట్టు కార్లు పలుమారులు నడుమనే నిలిచిపోయినవి. నింద యంతయు క్రొత్త గేరుబాక్సుపై పడినది. తుదకు శోధింపగా గేరుబాక్సు నిర్దోషి యని తేలినది. దానిని నడపు ఎలక్ట్రానిక్ భాగములకు చాలినంత విద్యుత్తు అందకపోవుటయే దోషము. ప్రపంచమున ఆరితేరిన యంత్రజ్ఞులకే యీ భ్రమ కలిగినదనిన, మన ఊరి మెకానికునకు కలుగుటలో వింత యేమున్నది?

ఆ పందెపు కారు ఎలక్ట్రానిక్ పనిలో పాలుగొన్న ఇటలీదేశపు మాగ్నెటీ మారెల్లీ సంస్థ పిమ్మట ఈ విద్యను దారిలో తిరుగు కార్లకు తెచ్చినది. 1997 లో ఫెరారీ ఎఫ్-355 కారునకును, 1999 లో ఆల్ఫా రోమియో 156 కారునకును ఇట్టి గేర్లు వచ్చినవి. మన దేశమున 2014 ఫిబ్రవరిలో గ్రేటర్ నోయిడా ప్రదర్శనమున మారుతీ సుజుకీ వారు విడుదల చేసిన సెలేరియో ఈ సాధనమును సామాన్యుల వాకిటికి చేర్చినది. 998 సీసీల మూడు సిలిండర్ల ఇంజను, అయిదు గేర్లు, మారెల్లీ వారి మరచేయి. చేతిగేరు సెలేరియోకు, దీనికి గూడ లీటరునకు 23.1 కిలోమీటర్లని ఒకే మైలేజిని ప్రకటించిరి. గేరుబాక్సు అదియే కావున ఇది యుక్తమే. అదే సంవత్సరమున ఆల్టో కె-10, 2015 లో టాటా నానో, 2016 లో రెనో క్విడ్ ఇదే త్రోవ పట్టినవి. మన పెనుకొండ ప్రాంతమున తయారగు కియా సోనెట్‌లో 2020 లో వచ్చిన ఐ.ఎం.టి. యనునది దీనికి దాయాది. అందు క్లచ్చి పెడలు లేదు, గేరు మాత్రము చేతితోనే వేయవలెను. సాక్సోమాట్ నాటి భావమే క్రొత్త రూపమున వచ్చినదన్న మాట.

ఇక పోషణ విషయము. ఇంతవరకు చెప్పిన మూడవయవములను మరువకున్నచో ఇది సులభము.

కాలనగా క్లచ్చి. అది పాత క్లచ్చియే కావున పాత క్లచ్చికి చేటు చేయునదంతయు దీనికిని చేటే. వంతెన యెక్కుచు నడుమ ఆగవలసి వచ్చినపుడు యాక్సిలరేటరును కొంచెము త్రొక్కి కారును నిలిపియుంచు వారు కలరు. అప్పుడు క్లచ్చి బిళ్లలు జారుచు కాలిపోవును. పూర్తి ఆటోమాటిక్ కారులో ఒరపిడి నూనెలో జరుగును. ఇందు ఎండుబిళ్లలపై జరుగును. కావున ఎత్తుపై చేతిబ్రేకు వేసి నిలుపవలయును. కదలునపుడు యాక్సిలరేటరు త్రొక్కి, కారు ముందునకు లాగుట తెలిసిన పిమ్మట చేతిబ్రేకు వదలవలయును. ఇది మరచినవారి కారు వెనుకకు దొర్లి, వెనుకనున్న మోటారుసైకిలువాని ప్రాణము మీదికి వచ్చును. ధనము కంటెను ఇది పెద్ద విషయము. రైల్వేగేటు వద్ద చాలసేపు నిలువవలసి యున్నచో న్యూట్రలునకు మార్చుట మేలు. జాతర మందిలో అంగుళము అంగుళముగా ప్రాకించుటకంటె, కొంత ఖాళీ యేర్పడువరకు ఆగి ఒకేమారు సాగుట క్లచ్చికి ఆయుష్షు.

గేరు మారునపుడు కారు క్షణకాలము తడబడి తల వంచినట్లగును. ఇది దోషము కాదు. క్లచ్చి విడిన యా క్షణమున చక్రములకు బలము అందదు. ఆ వేళ యాక్సిలరేటరుపై కాలిని కొద్దిగా సడలించినచో తడబాటు తగ్గును. ఘాటుదారి దిగునపుడు న్యూట్రలులో విడువరాదు; మాన్యువల్ స్థానమున తక్కువ గేరు వేసికొని ఇంజనుచేతనే వేగమును అరికట్టవలెను. నిలిపి పోవునపుడు ఇంకొక జాగ్రత్త కలదు. పూర్తి ఆటోమాటిక్ కారులో ఉండు ‘పీ’ అను తాళపు స్థానము వీనిలో సాధారణముగా ఉండదు. బ్రేకు త్రొక్కి యుంచి, చేతిబ్రేకు వేసి, గేరులో నుంచియే ఇంజను ఆపవలయును. ఇంజను ఆపిన పిమ్మట లివరును కదల్చినంత మాత్రమున లోపలి గేరు మారునని నమ్మరాదు. దానిని కదల్చు చేతికి అప్పుడు బలము లేదు.

చేయి యనగా నూనె ఒత్తిడితో పనిచేయు భాగము. విద్యుత్తు పంపు నూనెను ఒత్తిడి చేయును. అక్యుములేటరు అను చిన్న పాత్ర ఆ ఒత్తిడిని దాచియుంచును. కంప్యూటరు ఆజ్ఞ చొప్పున వాల్వులు తెరచుకొని క్లచ్చిని, గేర్లను కదల్చును. ఈ నూనె వేరు, గేరుబాక్సులోని నూనె వేరు, బ్రేకునూనె వేరు. ఒకదానికి మారుగా ఇంకొకటి పోసినచో రబ్బరు సీళ్లు చెడి మరచేయి పక్షవాతము వచ్చినట్లగును. కారుతో వచ్చిన పుస్తకమున చెప్పిన నూనెనే, చెప్పిన మట్టమువరకే పోయింపవలెను. కొన్ని కార్లలో నూనెకు బదులు చిన్న విద్యుత్తు మోటార్లే యీ పని చేయును; అట్టివానికి ఈ నూనె చింత లేదు.

బుద్ధి యనగా కంప్యూటరు. సెన్సార్లు దాని ఇంద్రియములు. బ్యాటరీ దాని ఆహారము. ఆహారము చాలని బుద్ధి భ్రమపడుట లోకమున చూచుచునే యున్నాము. నెలకొకమారు బయటికి తీయు కారులో బ్యాటరీ నీరసించును. దాని కొనలు త్రుప్పు పట్టకుండ చూడవలెను. వానకాలమున నీరు నిలిచిన దారిలో పోయినపుడు తీగల కూడళ్లలోనికి తేమ చేరును. పల్లెటూళ్లలో ఇంకొక శత్రువు కలదు, ఎలుక. గాదె ప్రక్కన నిలిపిన కారులో తీగలను కొరికి, కంప్యూటరునకు కన్ను లేకుండ చేయును.

ఇక దోషనిర్ణయము. నేను చిన్ననాట చదివిన తర్కశాస్త్రము ఇచ్చట పనికివచ్చినంతగా మరియొక చోట పనికిరాలేదు. పొగను చూచి నిప్పు నూహింతుము. కాని పొగయే నిప్పు కాదు. డ్రైవరు ముందు వెలుగు హెచ్చరిక దీపము పొగ వంటిది. మెకానికు తన పరికరముచే చదువు కోడు అంకెయు అట్టిదే. గేరు పడలేదని అది చెప్పును; ఏల పడలేదో చెప్పుట యెల్లప్పుడు దాని వశము కాదు. బ్యాటరీ తీగ విప్పుటకు ముందే ఆ కోడును చదివించి వ్రాసికొనుడు, పిమ్మట కారణమును వెదకుడు.

వెదకుటలో సూచీకటాహన్యాయము నవలంబింపవలెను. కమ్మరి యొద్దకు ఒకడు సూదికై, ఒకడు కొప్పెరకై వచ్చినచో ముందుగా సూది చేసి పంపును. అట్లే స్వల్పవ్యయమగు పరీక్షలు ముందు, మహావ్యయమైనవి తరువాత. మొదటిది బ్యాటరీ, దాని కొనలు. రెండవది బ్రేకు స్విచ్చి. బ్రేకు త్రొక్కినట్లు కంప్యూటరునకు తెలియనిచో అది గేరు వేయదు. ఒకరిని కారు వెనుక నిలువబెట్టి బ్రేకుదీపములు వెలుగుచున్నవో లేదో చూడుడు, కానీ ఖర్చు లేదు. మూడవది నూనె మట్టము, కారుట. నాలుగవది తీగలు, కూడళ్లు.

ఇవన్నియు సరిగా నున్నచో క్లచ్చిని శంకింపవలెను. ఇంజను మ్రోత పెరిగినను వేగము పెరుగకున్న, కాలిన వాసన వచ్చుచున్న, కదలునపుడు కారు వణకుచున్న, బిళ్ల అరిగినదని గుర్తు. ఇచ్చట తరచుగా జరుగు పొరపాటొకటి కలదు. క్రొత్త బిళ్ల వేసినంతమాత్రమున పని ముగియదు. బిళ్ల ఎచ్చట పట్టుకొనుచున్నదో పరికరము పెట్టి కంప్యూటరునకు మరల నేర్పవలెను. లేనిచో అరిగిన బిళ్ల కొలతతోనే క్రొత్త బిళ్లను నడపును. కారు వణకును, యజమాని క్లచ్చి చెడ్డదను, మెకానికు కంప్యూటరు చెడ్డదను.

అటుపిమ్మట పంపు, అక్యుములేటరు. కొన్ని కార్లలో డ్రైవరు తలుపు తెరవగానే సన్నని ఝంకారము వినవచ్చును. అది పంపు ఒత్తిడిని సిద్ధము చేయుచున్న ధ్వని. ఆ ధ్వని మాటిమాటికి వచ్చుచున్నచో ఒత్తిడి నిలుచుట లేదని యర్థము. యూనిట్టు మొత్తము మార్చుమాట అన్నిటికిని కడపటిది. ఆ కొప్పెరను మొదటనే కొన్నచో కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లగును.

నా మిత్రుడొకడు, నావలెనే విశ్రాంతి గైకొన్న ఉపాధ్యాయుడు, ఇట్టి సంకటమున పడెను. అతని కారునకు ఉదయమున గేరు పడదు, దీపము వెలుగును. మధ్యాహ్నము బాగుగా నడచును. పట్టణమున ఒక మరమ్మతుశాలలో మరచేయి మొత్తము మార్చవలెనని, మిత్రుని నాలుగు నెలల పింఛనునకు మించిన మొత్తమును చెప్పిరి. అతడు నాతో ఆలోచింపగా నేనడిగినవి మూడు ప్రశ్నలు. ఉదయముననే యేల? వారమునకెన్ని మారులు నడపుదువు? బ్యాటరీ వయసెంత? వారమునకొకమారు, అదియు ఒక క్రోసు దూరము. బ్యాటరీ కారుతోపాటు వచ్చినదే, అయిదవ యేడు. దోషము నిజముగా మరచేతిలో నుండినచో దానికి ఉదయము, మధ్యాహ్నము అను భేదమేల? ముందు బ్యాటరీని పరీక్షింపుమంటిని. అది రాత్రి చలికి నీరసించుచున్నదని తేలినది. క్రొత్తది వేయించిన పిమ్మట రెండు వానకాలములు గడచినవి; ఆ దీపము మరల వెలుగలేదు. మొదటివారు మోసగాండ్రని నేననను, పొగనే నిప్పనుకొనిరి. ప్రతి కారునకును బ్యాటరీయే దోషమనియు ననను. అది కాకతాళీయమును నియమముగా చేసినట్లగును. క్రమము తప్పరాదని మాత్రమే నా వాదము.

రెండు నిషేధములు చెప్పి ముగింతును. బ్యాటరీ చచ్చినపుడు పదిమంది చేరి త్రోసి ఇంజను లేపు పాత యుపాయము దీనియందు పనిచేయదు; గేరు వేయుటకే విద్యుత్తు కావలెను. గేరులో చిక్కుకొని నిలిచిన కారును చక్రములు నేలపై నుండగా త్రాడు కట్టి ఈడ్పింపరాదు. ఇంజను బలము ముందుచక్రముల కందు కారైనచో ముందుభాగమును పైకెత్తియే తీసికొనిపోవలెను.

శ్రోతలారా! నూరేండ్లకు మించిన యీ కథలో గేరుబాక్సు పెద్దగా మారలేదు. దానిని నడపు చేయి మారినది. మనుష్యుడు తన పనిని మరకు అప్పగించినను, దానిని కనిపెట్టి చూచు పనిని మాత్రము అప్పగింపలేదు. మీ కారు మరమ్మతుశాలకు పోయిన దినమున ‘మార్చుడు’ అనుటకు ముందు ‘ఏమేమి చూచితిరి, ఏ వరుసను చూచితిరి?’ అని యడుగుడు. ఆ ప్రశ్నకు పనిముట్లతో పని లేదు.